జొన్న సాళ్ళ ఎడం: కృష్ణా తీరంలో నీరు మార్చిన లెక్క

కృష్ణానది కొండపల్లి కొండల పక్కనుంచి సాగి విజయవాడ దాటి డెల్టాలో ప్రవేశించే తావున ఈ ప్రాంతపు సేద్యం రెండు దారులు పట్టింది. కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట వల్ల దిగువ భూములు వరి మాగాణులు కాగా, ఆనకట్టకు ఎగువనున్న కొండపల్లి పరిసరాల మెట్టకు దాని కాలువల నీరు అందక, జొన్న వంటి వర్షాధారపు పైర్లే అక్కడి రైతుకు ఆధారంగా మిగిలాయి.

మెట్ట జొన్నను గొర్రుతో విత్తేవారు. గొర్రు పళ్ళ మధ్య ఎడమే సాళ్ళ మధ్య ఎడం కాగా, జడ్డిగంలోకి, అంటే విత్తనం పోసే కొయ్య గిన్నెలోకి, గింజలు జారవిడిచే చేతి ఒడుపును బట్టి సాలులో మొక్కల ఒత్తు తేలేది. నల్లరేగడిలో నిలిచిన పదునే పైరుకు దిక్కు కనుక, మొక్కలు ఒత్తయితే గింజ పాలుపోసుకునే వేళకే ఆ పదును హరించుకుపోయి కంకులు తాలుపోయేవి. అందుకే ఒత్తు మొక్కలు పీకి పైరును పలచన చేసేవారు.

1964లో సి.ఎస్.హెచ్.-1 అనే దేశపు తొలి సంకర జొన్న విడుదలయ్యాక ఈ లెక్క మారింది. పొట్టిగా పెరిగి ఎరువును బాగా వాడుకునే సంకర రకాలకు నీటి తడులు కూడా తోడైనచోట, దిగుబడికి హద్దు గీసేది పదును కాక ఎండవెలుతురు అయింది. ఎడం ఎక్కువైతే కంకి పెద్దదైనా ఎకరంలో కంకుల సంఖ్య తగ్గుతుంది; ఎడం మరీ తగ్గితే కాండాలు సన్నగిల్లి పైరు పడిపోతుంది, కంకులూ చిన్నబోతాయి. సాళ్ళ మధ్య సుమారు మూరెడు, అంటే 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 12 నుంచి 15 సెంటీమీటర్లు అనే సిఫారసు ఈ రెంటి నడుమ కుదిరిన మధ్యస్థం. దాని ప్రకారం చదరపు మీటరుకు 15 నుంచి 18 మొక్కలు నిలుస్తాయి.

ఈ శతాబ్దపు తొలి దశకంలో జొన్న మాగాణిలోకే అడుగుపెట్టింది. వరి తరువాత వేసే మినుమును పల్లాకు తెగులు, బంగారుతీగ దెబ్బతీయగా, గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు వరి కోసిన మడిలో దుక్కి దున్నకుండానే వరుసల్లో గుంతలు పొడిచి జొన్న విత్తి, రెండు మూడు తడులతో హెక్టారుకు ఆరు టన్నులకు పైబడిన దిగుబడులు కూడా సాధించారు. అయితే తడులున్న పొలానికి నప్పే ఎడాన్ని తడులు లేని మెట్టకు యథాతథంగా తరలిస్తే నష్టమే మిగులుతుంది. పొలానికి అందే నీటిని అంచనా వేసిన తరువాతే సాళ్ళ ఎడం నిర్ణయించాలన్నది కృష్ణా తీరపు జొన్న సేద్యం తేల్చిన సత్యం.