రాతిని గెలిచిన నీరు

మూత్రములో రాయి పడినదనగానే "వేడి చేసినది, నీరు బాగుగా త్రాగుడు" అని మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. వేడి మాట యెట్లున్నను నీటి మాట సత్యము. వంశపారంపర్యముగా వచ్చు సిస్టీను రాళ్ల విషయమున ఆ సత్యము ఋజువగుటకు 145 సంవత్సరములు పట్టినది. ఆ చరిత్రను మన మొకసారి స్మరింతము.

1810లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విలియం హైడ్ వొల్లాస్టన్ అంతవరకు ఎవరును గుర్తింపని యొక క్రొత్తరకపు రాతిని పరీక్షించెను. మూత్రాశయమునుండి తీసినది గనుక, ఆ యవయవమునకు గల గ్రీకు పేరునే దానికి పెట్టెను. 1833లో స్వీడను రసాయనవేత్త బెర్జీలియస్ ఆ పదార్థమును 'సిస్టీను' అనెను. నిజమునకు ఈ రాళ్లు పుట్టునది మూత్రపిండములలో; పేరు మాత్రము నిలిచిపోయినది.

1908లో లండను వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ దీనిని శరీరములోని రసాయనక్రియలకు పుట్టుకతో వచ్చు లోపములలో చేర్చెను. కాని లోపమున్న చోటు వేరు. మూత్రపిండములు వడకట్టిన సిస్టీనును మరల రక్తములోనికి తీసికొనలేక విడిచివేయుచున్నవని 1951లో డెంట్, రోజ్ అను వైద్యులు వివరించిరి.

ఇక నివారణ మాట. సిస్టీను సులభముగా కరుగదు. లీటరు మూత్రములో సుమారు 250 మిల్లీగ్రాములు మించినచో రాయి కట్టును. పగలెంత త్రాగినను, నిద్రలో మూత్రము చిక్కబడును. రాయి పెరుగునది అప్పుడే. కావున పడుకొనునపుడును, నడిరేయి లేచియు నీరు త్రావవలెనని 1955లో డెంట్, సీనియర్ బోధించిరి.

1963లో పెనిసిలమిన్ అను మందు వచ్చినది. అది సిస్టీనును సులభముగా కరుగు రూపమునకు మార్చును. కాని దుష్ఫలితములు లేకపోలేదు. మూత్రమునకు క్షారగుణము నిచ్చు పొటాషియం సిట్రేటును వైద్యులు వాడుదురు, ఉప్పు తగ్గింపుమందురు. కారణమైన జన్యువులు రెండును 1994, 1999లలో తెలిసినవి. అయినను నేటికిని మొదటి మందు నీరే. పెద్దవారికి దినమునకు మూడు లీటర్లకు తక్కువకాకుండ మూత్రము పోవునంత నీరు, వైద్యుని సలహాపై, త్రావవలెను.

పడిన రాతిని పారవేయక పరీక్షకు పంపుట మన వంతు. అది సిస్టీనని తేలినచో తోబుట్టువులకును మూత్రపరీక్ష చేయింపవలెను. వారిలో నొకరికి రాయి పుట్టకమునుపే ప్రక్కన నొక చెంబెడు నీరు పెట్టగలిగినచో, ఈ చరిత్రను విన్న ఫలము దక్కినట్లే.