పసికందు సంజ్ఞలు

నెలలు నిండని బిడ్డను బ్రతికించడమే ఘనవిజయమని ఒకప్పుడు వైద్యులమంతా భావించేవాళ్లం. వెంటిలేటర్ ఊపిరినిచ్చింది, కాని ఆరని దీపాలు, అలారం మోతలు, పదేపదే తాకే చేతులు ఎదుగుతున్న మెదడును ఎంత అలసటకు గురిచేస్తున్నాయో యోచించలేదు.

అమెరికాలోని బోస్టన్‌లో హైడెలీజ్ ఆల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ శిశువులను నిశితంగా పరిశీలించారు. వేళ్లు బిర్రబిగియడం, ఎక్కిళ్లు, చర్మం రంగు మారడం వంటివి బిడ్డ అలసిపోయిందని తెలిపే సంజ్ఞలనీ, వాటిని బట్టే సంరక్షణ సాగాలనీ ఆమె బోధించారు. 1982లో తన సిద్ధాంతాన్ని ప్రచురించారు. 1986లో వెలువడిన ఆమె బృందపు చిన్న అధ్యయనంలో, ఆ విధంగా సంరక్షించిన శిశువులు వెంటిలేటర్‌పై తక్కువ కాలం ఉన్నారు. తరువాతి పరిశోధనల ఫలితాలన్నీ ఏకరీతిగా లేవు. అయినా వెలుతురు తగ్గించడం, గుడ్డతో గూడులా పొదవడం నేడు అనేక వార్డులలో ఆచారమైంది.

మీ బిడ్డ అక్కడ ఉంటే, ఎప్పుడు, ఎలా తాకవచ్చో నర్సును తప్పక అడగండి.