ముట్టడిని దాటిన ధాన్యము

కోటను పట్టవలెనన్న గోడలను కూల్చుటకన్న లోనికి పోవు ధాన్యపు బండ్లను ఆపుట మేలని పూర్వపు రాజులెల్లరు ఎరుగుదురు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని ముట్టడించినపుడు ఆ దుర్గము చేజిక్కుటకు ఏడాదికి పైగా పట్టెను. అయితే కోటను ముట్టడించువాడును ఆ గోడక్రిందనే ఎండకు వానకు ఓర్చి నిలువవలసినవాడు. ఇరువదవ శతాబ్దమున ఆర్థిక ఆంక్షల పేర దేశములకు దేశములనే చుట్టుకొనిన క్రొత్త ముట్టడిలో, ఆజ్ఞపై సంతకము చేయువాడు వేల మైళ్ల ఆవల నుండును. దానివలన పాలు దొరకని పసిబిడ్డ ముఖము అతని కంట ఎన్నడును పడదు. ఆ ముఖమును చూచి వచ్చి, చూడనివారికి చెప్పుటకై, మందుల పెట్టెలనో ధాన్యపు బస్తాలనో వెంటగొని బయలుదేరిన సామాన్యుల చరిత్ర ఒకటి కలదు. వారు మోసికొనిపోయిన బరువుకన్న వారు పోవుటయే ముఖ్యమని నా నమ్మకము.

మొదటి ప్రపంచయుద్ధము 1918 నవంబరు 11న ముగిసినను, మిత్రరాజ్యములు విధించిన నౌకాదిగ్బంధము మరుసటి వేసవివరకు పూర్తిగా తొలగలేదు. గెలిచిన దేశపు పౌరురాలైన ఎగ్లంటైన్ జెబ్, చిక్కి శల్యమైన శిశువు చిత్రముగల కరపత్రములను లండనులోని ట్రఫాల్గర్ స్క్వేరున పంచి, అరెస్టయి, 5 పౌండ్ల జరిమానాకు గురియయ్యెను. ఆమెకు ప్రతికూలముగా వాదించిన ప్రభుత్వ న్యాయవాదియే ఆ సొమ్మును తన జేబునుండి తీసియిచ్చెనని ప్రసిద్ధి. ఆమెయు ఆమె సోదరి డొరొతీ బక్స్టనును 1919 మే నెలలో నెలకొల్పినదే సేవ్ ది చిల్డ్రన్ సంస్థ. 1942లో, శత్రువుల ఆక్రమణలో నుండి బ్రిటను దిగ్బంధమునకే గురియై ఆకలితో అలమటించుచున్న గ్రీసు ప్రజలకై ఆక్స్‌ఫర్డు పౌరులు కొందరు కూడుకొని పెట్టిన సంఘమే తరువాత ఆక్స్‌ఫామ్ అయినది.

ఆంక్షలన్నియు ఒక్కటే యని చెప్పరాదు. జాతివివక్షకు నిరసనగా 1946లో దక్షిణాఫ్రికాతో వర్తకమును మొట్టమొదట మానుకొన్నది మన దేశమే. అక్కడ పీడితులే ఆ బహిష్కారమును కోరిరి. పీడితులు కోరని ఆంక్ష, ముఖ్యముగా వారి కంచములోనికి చేయి చాచు ఆంక్ష, వేరు విషయము.

మన తెలుగువారికి ఈ చరిత్ర మిక్కిలి సమీపముగా వచ్చినది 1992 ప్రాంతమున. ఆ సంవత్సరము మే నెలలో, రష్యానుండి క్రయోజనిక్ ఇంజనులు కొనబూనినందుకు అమెరికా మన ఇస్రోపై రెండేండ్ల ఆంక్ష విధించినది.  అదే కాలమున, భూగోళమునకు ఆవలిప్రక్కన, సోవియట్ యూనియన్ కూలిపోవుటతో క్యూబా తన విదేశీవ్యాపారములో అత్యధికభాగమును కోల్పోయి, 1962నాటి అమెరికా దిగ్బంధమునకు ఒంటరిగా చిక్కినది. పోషకాహారలోపముతో సుమారు 50,000 మందికి కంటినరములు దెబ్బతిని చూపు మందగించినది. అట్టి సమయమున అక్టోబరులో అమెరికాలో టొరిసెల్లి చట్టము వచ్చినది. దాని ప్రకారము క్యూబా రేవును తాకిన ఓడ 180 దినములవరకు అమెరికా రేవులలో సరకు ఎత్తరాదు, దింపరాదు.

అప్పుడు సి.పి.ఐ.(ఎం) ప్రధానకార్యదర్శి హరికిషన్ సింగ్ సుర్జీత్, పంజాబు రైతుల కళ్లములనుండి 10,000 టన్నుల గోధుమలను క్యూబాకై సేకరింప పూనుకొనెను. ప్రధాని పి.వి. నరసింహారావు ప్రభుత్వము మరి 10,000 టన్నులు జతచేసినది. రాజకీయముగా ఎదురెదుట నిలిచిన ఇద్దరు వృద్ధులు ఒక అన్నపుముద్దకై చేతులు కలిపిన ఆ ఘట్టమును మన చరిత్రకారులు తగినంత వ్రాయలేదని నా బాధ. ఆ ధాన్యమును మోసిన ఓడ పేరు కరీబియన్ ప్రిన్సెస్. 50 కిలోల బస్తాల లెక్కన 20,000 టన్నులన్న 4 లక్షల బస్తాలు; కోటికి పైబడిన క్యూబా జనమునకు పంచిన తలకు రెండు కిలోలైనను రావు. కొలతచేత చూచినవారికి అది అల్పము. కాని ఎవరు తాకినను శిక్ష తప్పదని చాటిన రేవును దూరదేశపు ధాన్యము తాకుటలోని భావము ఆ కొలతకు అందదు. 1993లో జ్యోతిబసుతో కలసి హవానా వెళ్లిన మన కాకినాడ కుటుంబీకుడు సీతారాం యేచూరి, ఫిడేల్ కాస్ట్రో తమను బొగ్గెంత, ఉక్కెంత అని భారతదేశపు ఉత్పత్తుల లెక్కలు గ్రుచ్చి గ్రుచ్చి అడిగెనని పిమ్మట తరచు తలచుకొనెడివారు. ఆకలిలో నున్న దేశపు నాయకుడు జాలిని కోరక లెక్కలను కోరుట నాకు ఎంతో గౌరవము కలిగించును.

ఆంక్ష విధించిన దేశములోనే దానిని ధిక్కరించినవారి సాహసము ఇంతకన్న పెద్దది. పాదరి లూసియస్ వాకర్ నాయకత్వమున పాస్టర్స్ ఫర్ పీస్ అను బృందము 1992నుండి లైసెన్సు అడుగకయే క్యూబాకు సామగ్రిని చేర్చసాగినది. 1993లో టెక్సాసులోని లారెడో సరిహద్దున అధికారులు వారి పసుపుపచ్చని బడిబస్సును ఆపగా, వారు దానిలోనే కూర్చుండి 23 దినములు నిరాహారదీక్ష చేసిరి. బస్సు విడుదలయ్యెను, క్యూబాకు చేరెను.

ఇరాకు కథ మరింత విషాదకరము. 1990 ఆగస్టు 6నాటి భద్రతామండలి 661వ తీర్మానము ఆ దేశపు వ్యాపారమును స్తంభింపజేసినది. కాగితముపై మందులకు మినహాయింపు కలదు. నీటిని శుద్ధిచేయు క్లోరిన్ వంటివి మాత్రము అనుమతులలో చిక్కుకొనెడివి. 1996లో కాథీ కెల్లీయు ఆమె మిత్రులును వాయిసెస్ ఇన్ ది వైల్డర్నెస్ పేర, తాము చట్టమును అతిక్రమింపబోవుచున్నామని అమెరికా ప్రభుత్వమునకు ముందే లేఖ వ్రాసి, మందులతో ఇరాకు వెళ్లిరి. సుమారు 70 ప్రతినిధివర్గములను పంపిరి. 20,000 డాలర్ల జరిమానాకు గురియైనను కట్టుటకు నిరాకరించిరి. ఐక్యరాజ్యసమితి అధికారియైన డెనిస్ హాలిడే 1998లోను, ఆయన స్థానమున వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లోను ఆ ఆంక్షలను సహింపజాలక పదవులు విడిచిరి. అప్పుడు ప్రచారమైన శిశుమరణముల అంకెలు కొన్ని అతిశయోక్తులని తరువాతి సర్వేలు చూపినవి. ఈ మాట దాచరాదు. కంటితో చూచిన ఆసుపత్రివార్డును ఉన్నదున్నట్లు వర్ణించిన చాలును, పెంచి చెప్పినచో పరపతి పోవును.

2010 డిసెంబరులో ఢిల్లీ రాజఘాట్‌నుండి బయలుదేరిన ఆసియా సంఘీభావ యాత్ర ఇరాన్, టర్కీ, సిరియాల మీదుగా సాగి, జనవరిలో దిగ్బంధములో నున్న గాజాలో ప్రవేశించినది. 2015 ఏప్రిల్‌లో విశాఖలో జరిగిన సి.పి.ఐ.(ఎం) మహాసభలో యేచూరి ప్రధానకార్యదర్శిగా ఎన్నికై, సుర్జీత్ ఒకప్పుడు కూర్చున్న స్థానమున కూర్చుండెను. క్యూబాపై దిగ్బంధమును ఖండించు తీర్మానమునకు సమితి సర్వసభ్యసభలో 1992లో 59 ఓట్లు రాగా, 2023లో 187 వచ్చినవి. వ్యతిరేకించినవి రెండే దేశములు. దిగ్బంధము మాత్రము తొలగలేదు.

విశాఖ రుషికొండ తీరమున నిలిచి చూచిన, హార్బరులో బెర్తు దొరకుటకై లంగరు వేసికొనియున్న ఓడలు అగపడును. ఈ రేవునుండి క్యూబాకు అట్టి ప్రయాణమును తలపెట్టువారికి గోదావరి రైతులను బియ్యమడుగుట కష్టము కాదు. ఆహారమునకు తరువాత కొన్ని సడలింపులు వచ్చినను, అమెరికా కోపమునకు వెరచు షిప్పింగు కంపెనీల, బీమాదారుల, బ్యాంకుల జంకు పోలేదు. కనుక ఓడను, బీమాను, సొమ్ము చెల్లింపుకు ఒప్పుకొను బ్యాంకును మొదట వెదకవలెను. నరసింహారావు నాడు తోడు నిలిచినట్లు నిలువుమని ఢిల్లీని గట్టిగా అడుగవలెను. ఓడ వెంట నాయకులతోపాటు ఒక నర్సును, ఒక బడిపంతులును, ఒక హార్బరు కళాసీని పంపవలెను. వారు తిరిగివచ్చి గాజువాకలోను, జాలరిపేటలోను తాము చూచినది చెప్పుదురు.