అల్పసంఖ్యాక భాషలు, మాండలికములు: తొగుట ప్రాంతము

తొగుట సిద్దిపేట జిల్లాకు చెందిన మండలకేంద్రము; 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరుగువరకు మెదకు జిల్లాలో నుండెను. ఇచటి జనులలో అత్యధికులు పలుకునది తెలుగు; తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలములుగా విభజించిన భద్రిరాజు కృష్ణమూర్తి పరిగణనమున నీ సీమ ఉత్తరమండలమునకు జేరినది. కోస్తావారు ‘వచ్చాడు’ అనుచోట నిచట ‘వచ్చిండు’ అందురు. ‘వచ్చారు’ అనుచోట ‘వచ్చిన్రు’ అందురు. ధాతు వొక్కటియే, ప్రత్యయరూపము మాత్రము వేరు. గుంటూరు రైతు సిద్దిపేట అంగడిలో బేరమాడుటకు ద్విభాషి నపేక్షింపడు. నిజాము రాజ్యమున ఉర్దూ పాలనాభాషయై యుండుటచే ‘జర’, ‘కాయిదం’ వంటి పదము లీ పలుకుబడిలో విరివిగా జేరినవి. వీనిని జూపి దీనిని చెడిన తెలుగని యీసడించిన పండితులు లేకపోలేదు గాని, గ్రాంథికమునందలి సంస్కృతపదరాశిని జూచి వారెన్నడు నట్లనలేదు.

ఇదే జిల్లాలోని తండాలలో వినవచ్చు లంబాడీ యిట్టి తెలుగు మాండలికము గాదు. అది రాజస్థానీకి చుట్టమైన ఆర్యభాష, తెలుగు ద్రావిడభాష. ‘పాణి’ యని నీటిని పిలుచుచు, ‘ఏక్’, ‘తీన్’, ‘చార్’ అని లెక్కించు నా భాషలో తెలుగు మాటలెన్ని చొరబడినను, వాని నావరించిన వ్యాకరణము తెలుగుది కాజాలదు. స్వంత లిపి లేకపోవుటచే తెలంగాణమున తెలుగులిపిలోను, కర్ణాటకమున కన్నడములోను, మహారాష్ట్రమున దేవనాగరిలోను దీనిని వ్రాయుచున్నారు; ఇన్ని రాష్ట్రములందు వ్యాపించియు నే రాష్ట్రమునందును సంఖ్యాధిక్యము లేని భాష యిది. 2011 జనగణనమున ‘లమానీ/లంబాడీ’ మాతృభాషగా 32 లక్షలకు పైబడినవారు నమోదైనను, ఆ సంఖ్యను హిందీ పద్దులో గలిపిరి. ఇది పట్టికలు కూర్చువారి సౌకర్యమే గాని భాషాశాస్త్ర నిర్ణయము గాదు. తండాలో బుట్టిన శిశువునకు హిందీ పాఠశాలలో నేర్వవలసిన పరభాషయే.

నిజమునకు మాండలికము, అల్పసంఖ్యాక భాష యను నీ రెండు సంజ్ఞలును పరస్పర విరుద్ధములు గావు. మాండలికమనునది యొక పలుకుబడికి తాను భేదముగా నున్న భాషతో గల సంబంధమును, అల్పసంఖ్యాకత యొక భాషకు తాను నిలిచిన ప్రదేశముతో గల సంబంధమును దెలుపును. కావుననే సిద్దిపేట ముస్లిముల యిండ్లలోని దక్కనీ యేకకాలమున ఉర్దూకు మాండలికమును, ఈ ప్రాంతమున అల్పసంఖ్యాకుల భాషయు నగుచున్నది. తెలుగే తమిళనాట హోసూరు ప్రాంతమున నల్పసంఖ్యాక భాష.

రాజ్యాదరణమున మాత్ర మీ భాషలకు సమత్వము లేదు. ఉర్దూ రాజ్యాంగ అష్టమ అనుసూచిలోని 22 భాషలలో నొకటి. తెలంగాణమున 2017లో రాష్ట్రమంతటికిని రెండవ అధికారభాష యైనది. లంబాడీ యా అనుసూచిలో లేదు. అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనము కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున జేరిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు విధించినను, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున గోండి, కోయ, కొలామి, లంబాడీ మొదలగు గిరిజన భాషలలో పాఠ్యపుస్తకములతో నిట్టి బోధనము ప్రయోగరూపమున నారంభమగుటకు 2004 వరకు కాలము పట్టెను.