కోడ్‌కు కావలి ఎవరు? మెయింటెయినర్ పుట్టుపూర్వోత్తరాలు

రియాద్ దాటి ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్లు వస్తే అల్ ఖర్జ్. పాల డెయిరీలు, ఖర్జూర తోటలు, ప్రిన్స్ సత్తామ్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. ఇక్కడ పనిచేసే తెలుగువాళ్ళ ఆండ్రాయిడ్ ఫోన్లకు ఇంటి నుంచి తెలుగులో వాట్సాప్ వస్తుంది, బ్యాంకు నుంచి అరబిక్‌లో ఎస్సెమ్మెస్ వస్తుంది. ఒక లిపిలో ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంకో లిపి కుడి నుంచి ఎడమకు, అక్షరం పక్క అక్షరాన్ని పట్టుకుని నడుస్తుంది. రెంటినీ తెరమీద కూర్చేది ఒకటే ప్రోగ్రాం, దాని పేరు హార్ఫ్‌బజ్. ‘లక్ష్మి’ అని కొడితే ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, గుడి దేనికి తగలాలో ఫాంటుతో మాట్లాడి తేల్చేది అదే. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్‌లలోనూ ఇదే ఉంది.

దీని కోడ్ బహిరంగం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అయితే ఆ మార్పు అసలు కోడ్‌లోకి వెళ్ళాలా వద్దా అని తేల్చేది కొద్దిమందే. వాళ్ళనే మెయింటెయినర్లు అంటారు. ఈ కొలువును ఏ ప్రభుత్వమూ సృష్టించలేదు. ఒక మనిషి వెళ్ళిపోయినప్పుడో అలిసిపోయినప్పుడో మిగిలినవాళ్ళు తడుముకుంటూ కట్టుకున్నదే ఈ ఏర్పాటంతా.

మొదట్లో రాసినవాడే కావలి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించినా, 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ బయటపెట్టినా పద్ధతి ఒకటే. కోడ్‌లో చేసిన మార్పును, అంటే ప్యాచ్‌ను, మెయిల్లో పంపితే రాసినాయన చూసి కలుపుకోవాలి. 1998 నాటికి లినస్‌కు వచ్చిపడే ప్యాచ్‌లలో చాలావాటికి దిక్కులేకుండా పోయింది. పంపినవాళ్ళు మళ్ళీమళ్ళీ పంపి విసిగిపోయారు, గొడవ ముదిరింది. ఒక్క మనిషితో ఇది సాగదని అందరికీ తెలిసొచ్చింది. ఒక్కో భాగాన్ని ఒక్కొక్కరికి అప్పగించే ఏర్పాటు ఆ ఒత్తిడిలోనే గట్టిపడింది. ఏ భాగానికి ఎవరు బాధ్యులో చెప్పే జాబితా ఈనాటికీ లినక్స్ కోడ్‌తోనే వస్తుంది. పంచుకున్న పనిని కలపడానికి లినస్ 2005లో గిట్ రాశాడు. ఇవాళ ప్రపంచంలో సాఫ్ట్‌వేర్ పనిలో ఎక్కువ భాగం దానిమీదే నడుస్తోంది.

నా లెక్కలో అసలు మలుపు అపాచీ వెబ్ సర్వరుది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో వెబ్ సర్వర్ రాసిన రాబ్ మెక్‌కూల్ 1994 మధ్యలో అక్కడ ఉద్యోగం మానేశాడు. ఎక్కువమంది వాడుతున్న వెబ్ సర్వరుకు దిక్కులేకుండా పోయింది. ఎవరి సర్వరుకు వాళ్ళు మరమ్మతులు చేసుకున్నారు. 1995 ఫిబ్రవరిలో ఎనిమిదిమంది చేరి ఆ ప్యాచ్‌లన్నీ ఒకచోట పెట్టారు. అదే అపాచీ. వాళ్ళలో యజమాని లేడు. అంతా కలిసి పనిచేసే ఆఫీసు కూడా లేదు. అందుకని మెయిల్లోనే ఓటు. ఒప్పుకుంటే ప్లస్ వన్, అభ్యంతరం ఉంటే మైనస్ వన్. కోడ్‌మీద మైనస్ వన్ వేస్తే సాంకేతిక కారణం రాయాలి. కారణం నిలబడితే ఆ ఒక్క ఓటు మార్పును ఆపేస్తుంది. ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నట్టే. ఒకరికొకరు కొత్తవాళ్ళయిన మనుషులు, పైసా జీతం లేకుండా, పక్కవాడి పనిని ఆపే హక్కును కూడా పంచుకున్నారు. 1999లో అపాచీ ఫౌండేషన్ పుట్టాక వందలాది ప్రాజెక్టులకు ఇదే రివాజైంది.

లినక్స్‌ను కూర్చి పంచే డెబియన్ మరో దారి పట్టింది. 1998 డిసెంబరులో ఏకంగా రాజ్యాంగమే రాసుకుని, ఏటా నాయకుణ్ణి ఎన్నుకోవడం మొదలుపెట్టింది. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌కు ఆ అవసరం ఆలస్యంగా తెలిసింది. దాని సృష్టికర్త గీడో వాన్ రాసమ్ 2018 జులైలో ఒక వివాదంతో విసిగి పక్కకు తప్పుకున్నాడు, వారసుణ్ణి చెప్పలేదు. నెలల తరబడి చర్చించుకున్నాక అయిదుగురి మండలి వచ్చింది. అందులో ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించి ఉండకూడదు. స్వచ్ఛంద సంస్థ నడిపే ప్రతివాళ్ళూ ఈ నియమాన్ని అరువు తెచ్చుకోవచ్చు.

అల్ ఖర్జ్ ఒకప్పుడు ఊటల ఊరు. ఐన్ అల్ దిలా వంటి లోతైన సహజ బావులకు మోటార్లు పెట్టి పొలాలకు తోడారు. భూగర్భ జలాలు అడుగంటి ఆ ఊటలు ఎండిపోయాయి. సాఫ్ట్‌వేర్ అలా ఎండదు, ఎన్ని కోట్లమంది వాడినా తరగదు. తరిగేది దాన్ని చూసుకునే మనిషి ఓపిక.

అలా ఓపిక తరిగిన చోటికే ఎక్స్‌జెడ్‌లో దొంగ వచ్చాడు. ఫైళ్ళను కుదించే ఈ చిన్న ప్రోగ్రాం దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. చాలా ఏళ్ళుగా దాన్ని లాసె కాలిన్ ఒక్కడే చూసుకున్నాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు మంచి ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. 2022లో ముక్కూమొహం తెలియని కొన్ని ఖాతాల నుంచి ‘పని నత్తనడక నడుస్తోంది, ఇంకొకరికి అప్పగించు’ అని కాలిన్ మీద ఒత్తిడి వచ్చింది. ఇది జీతం లేని పని అనీ, తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ ఆయన చెప్పుకున్నాడు. చివరికి జియా టాన్ చేతికి హక్కులు వెళ్ళాయి. 2024 ఫిబ్రవరి వెర్షన్‌లో దొడ్డిదారి చేరింది. సర్వరులోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూసి, మార్చి 29న లోకానికి చెప్పాడు.

దీన్ని చూపించి హక్కులు పంచడమే తప్పనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అక్కడ జరిగింది పంపకం కాదు, అలిసిపోయిన ఒక్కడి నుంచి ఇంకో ఒక్కడికి చేతులు మారడం. ఆ కొత్త చెయ్యి చేసే పనిని పక్కన నిలబడి చూసే మూడో మనిషి లేడు.

మనవైపూ ఈ చరిత్ర ఉంది. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జునే పద్మ అనే లిపిమార్పిడి పనిముట్టు కూడా రాశారు. వీవెన్ చేసిన లేఖినితో వేలమంది తెలుగు టైపు చేయడం నేర్చుకున్నారు. వికీపీడియాలో చాలా తగవులు రచ్చబండ అనే చర్చా పేజీలో తేల్చుకుంటారు. నిర్వాహకుడు కావాలంటే ప్రతిపాదన పెట్టాలి, తోటివాళ్ళు చర్చించి ఓటెయ్యాలి. ఎవరు ఏ పేజీ తొలగించారో చిట్టాలో ఎవరైనా చూడొచ్చు. నిర్వాహకులకు జీతం లేదు.

వికీపీడియాలో చేసిన ఈ పని ఎంత దూరం పోయిందో హార్ఫ్‌బజ్ చెబుతుంది. 2006లో ఒక రూపు దిద్దుకున్న దాన్ని ఇరాన్‌లో పుట్టిన కెనడా ఇంజనీరు బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ తర్వాత కొత్తగా తిరగరాశాడు. భారతీయ లిపులు సరిగా వస్తున్నాయో లేదో చూడటానికి ఆయా భాషల వికీపీడియాల మాటలే పరీక్షకు పెట్టాడు. తెలుగుకు సుమారు 9 లక్షల 70 వేల పదాలు. మనవాళ్ళు రాత్రుళ్ళు కూర్చుని రాసిన వ్యాసాల్లోని మాటలే ఇవాళ మన ఫోన్లలో ఒత్తులు చక్కగా పడటానికి సాక్షులయ్యాయి.

2020 జనవరిలో బెహ్దాద్‌ను టెహ్రాన్‌లో నిర్బంధించారు. ఆ సంగతి ఆగస్టులో ఆయనే బయటపెట్టాడు. ఆ ఏడాది కూడా హార్ఫ్‌బజ్ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. అరబిక్‌కు అమీరి ఫాంటు చేసిన, ఈజిప్టుకు చెందిన ఖాలెద్ హోస్నీ లాంటివాళ్ళ చేతుల్లోనూ బాధ్యత ఉంది మరి.

కంపెనీల కోడ్ సంగతి వేరు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఒక ప్రత్యేకమైన వరుసలో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ కొద్దిరోజుల్లోనే సరిచేసింది. అది యాపిల్ తప్ప ఇంకెవరూ సరిచేయలేనిది. బహిరంగ కోడ్‌లో ఎవరైనా దిద్దొచ్చు, కానీ వచ్చిన దిద్దుబాటును చదివే మనిషి అవతల ఉండాలి.

కాబట్టి చదువుతున్న మీకు ఒక మనవి. మీరు రోజూ వాడే తెలుగు ఫాంటో కీబోర్డో ఒకటి ఎంచుకోండి. దాన్ని ఎందరు చూసుకుంటున్నారో కనుక్కోండి. ఒక్కరే ఉంటే కొత్త సౌకర్యాలు అడగకండి. శుక్రవారం సెలవునాడు, వచ్చిపడి ఉన్న బగ్ రిపోర్టుల్లో ఒకదాన్ని మీ ఫోన్లో ప్రయత్నించి, ఏం కనబడిందో కింద రాయండి. దానికి కోడింగ్ రానక్కర్లేదు. మరుసటి వారం ఇంకొకటి చూడండి. అలా ఏడాది పాటు నిలకడగా కనబడిన మనిషికే పాత మెయింటెయినర్ ధైర్యంగా సగం బాధ్యత అప్పగించగలుగుతాడు.