తీరాంధ్ర యానాదుల మౌఖిక సంప్రదాయం: ‘అనాది’ భావన – పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:
లిపి లేని సమాజాల గతాన్ని చరిత్రపూర్వ జీవనానికి అవశేషంగా భావించే ధోరణి పరిశోధనల్లో తరచు కనిపిస్తుంది. యానాదుల పేరు, శాఖానామాలు, వృత్తిజ్ఞానం ఆధారంగా ఆ ధోరణిని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యానాదులు, మౌఖిక సంప్రదాయం, చరిత్రపూర్వయుగం, భట్టిప్రోలు, కర్లపాలెం, శ్రీహరికోట.

1. ఉపోద్ఘాతం:
లిఖితాధారాలు లేని కాలాన్ని చరిత్రకారులు చరిత్రపూర్వయుగం అంటారు. రేపల్లె సమీపంలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతుకరండాలపై క్రీస్తుపూర్వం నాటి బ్రాహ్మీ శాసనాలున్నాయి. అంటే రెండువేల ఏళ్లకు పూర్వమే ఈ ప్రాంతానికి రాత తెలుసు. అయితే బాపట్ల, కర్లపాలెం, రేపల్లె పరిసరాల్లో జీవిస్తున్న యానాదులు తమ పూర్వికుల గతాన్ని నోటిమాటగానే కాపాడుకున్నారు. రాత లేకపోవడం వేరు, చరిత్ర లేకపోవడం వేరు.

2. పేరు – శాఖలు:
‘యానాది’ శబ్దం సంస్కృత ‘అనాది’ నుండి వచ్చిందనే వ్యుత్పత్తి ఒకటి ప్రచారంలో ఉంది. దక్షిణ భారత కులాలు, తెగలపై ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన సంపుటాల్లోనూ ఇది కనిపిస్తుంది. ఆది తెలియనివారని దీని అర్థం. ప్రాచీనతకు గౌరవంగా తోచే ఈ వివరణ నిజానికి వారిని కాలానికి వెలుపల నిలబెడుతుంది.

శాఖానామాలు ఇందుకు భిన్నమైన సాక్ష్యమిస్తాయి. రెడ్ల ఇళ్లలో వంట, సేవ చేసినవారు రెడ్డి యానాదులు. ఇతరుల ఇళ్లలో మిగిలిన ఆహారంపై ఆధారపడినవారు చల్లా యానాదులు. ఈ రెండు శాఖల మధ్య వియ్యం ఉండేది కాదని థర్‌స్టన్ నమోదు చేశాడు. మిగులు ధాన్యం, యజమాని, హోదాభేదం ఉన్న వ్యవసాయ గ్రామంలోనే ఇటువంటి పేర్లు పుడతాయి. కేవలం వేట, సేకరణలతో బతికే గుంపులో వీటికి తావు లేదు.

3. వృత్తిజ్ఞానం:
కుండలో గడ్డి కాల్చి, కన్నంలోకి పొగ ఊది ఎలుకలను పట్టడం యానాదుల నైపుణ్యం. కన్నాల్లో ఎలుకలు దాచిన ధాన్యం కూడా వారికి ఆహారమే. దీనిని ఆదిమ వేటగా వర్ణించడం పరిపాటి. కాని ఈ పనికి వరిచేను కావాలి. 1855లో విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల కింద వరిసాగు విస్తరించింది. కనుక డెల్టాలో ఈ విద్యను ఆధునిక నీటిపారుదల చరిత్రతో కలిపి చదవాలి.

శ్రీహరికోట యానాదుల అనుభవం వేరు. అక్కడ దుంపలు, తేనె, మూలికలు, వంటచెరకు జీవనాధారాలు. ఆ దీవి 1835లో కంపెనీ ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. 1969లో రాకెట్ ప్రయోగకేంద్రానికి ఎంపికైంది. అడవిపై హక్కు చేజారిన ఈ క్రమాన్ని పక్కనపెట్టి, వారి పేదరికాన్ని ‘ఆదిమ స్వభావం’గా చూపడం చరిత్రను చెరిపివేయడమే.

4. ముగింపు:
మౌఖిక సంప్రదాయం గతాన్ని చెబుతూనే చెప్పేవారి వర్తమాన అవసరాన్నీ తెలుపుతుందని యాన్ వాన్‌సినా ప్రతిపాదించాడు. ఈ దృష్టితో చూస్తే పుట్టుక కథలు సమాజంలో తాము కోరుకునే స్థానాన్ని, శాఖానామాలు గ్రామ సంబంధాలను, వృత్తిజ్ఞానం మారిన పరిసరాలను తెలుపుతాయి. వీటిని ఒకే కాలానికి ముడిపెట్టరాదు. క్షేత్రపరిశోధకులు కథతోపాటు కథకుని వృత్తిని, నివాసాన్ని, చెప్పిన సందర్భాన్ని నమోదు చేయాలి. అప్పుడే యానాదులు ‘అనాది’ అనే విశేషణం నుండి బయటపడి, తమ చరిత్రకు తామే సాక్షులవుతారు.