మదరాసు బుల్లెట్టు: ఒక మోటారు సైకిలు విడిభాగముల చరిత్ర

రాజవంశముల చరిత్ర వ్రాయువారికి శాసనములు కలవు. గ్రామముల చరిత్రకు కైఫీయతులు కలవు. మోటారు సైకిలు చరిత్ర తెలియవలెనన్నచో పాత ఇనుము అంగళ్లకు పోవలసినదే. ఢిల్లీలో కాశ్మీరీ గేటు, కరోల్‌బాగులోని నాయీవాలా సందులు, మాయాపురి, మదరాసులో పుదుపేట, కలకత్తాలో మల్లిక్ బజారు, మన విజయవాడలో ఆటోనగరు. ఈ తావులలో నూనె మడ్డి పట్టి పడియున్న ఇనుప ముక్కలను ఓపికతో ఏరి చూచినచో యుద్ధము, దేశవిభజన, దిగుమతి లైసెన్సులు, పంచవర్ష ప్రణాళికలు అన్నియు వానియందు కానవచ్చును. అయితే నేను ఆ అంగళ్లకు పోయినది చరిత్ర కొరకు కాదు, ఒక కార్బురేటరు కొరకు.

మా తండ్రిగారు కేంద్ర ప్రభుత్వోద్యోగి. 1964 నాటి 350 సి.సి. బుల్లెట్టును వారు పాతదిగానే కొని, రామకృష్ణాపురం క్వార్టర్ల నుండి ఆఫీసునకు ఇరువది సంవత్సరములకు పైగా దానిపైననే పోయివచ్చిరి. ఉగాదికిని, సంక్రాంతికిని ఆంధ్రుల సభలకు మా నలుగురిని మోసినదియు అదియే. వారి తదనంతరము ఆ బండి టార్పాలిను క్రింద చాలకాలము నిలిచిపోయెను. దానిని మరల నడిపింపవలెనను కోరిక నాకెప్పుడును ఉన్నను, అందుకు పూనుకొనునట్లు చేసినది ఒక ప్రభుత్వ ప్రకటన.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము మోటారు వాహనముల నియమావళిని సవరించి, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటిన బండ్లకు ‘వింటేజి’ వాహనములను ప్రత్యేక స్థానము కల్పించినది. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. నంబరు పలకపై రాష్ట్ర సంకేతము తరువాత ‘వి.ఎ.’ అను అక్షరములు. షరతు మాత్రము ఒకటి కలదు. బండి తన మూలరూపమున నిలిచియుండవలెను. చట్రము, పై కవచము, ఇంజను, వీనిలో మార్పు తెచ్చు పెద్ద మరమ్మతు జరిగియుండరాదు. ఫైళ్ల నడుమ జీవితము గడపిన మనబోటివారికి ఇట్టి వాక్యము కంటబడగానే సందేహము పుట్టక మానదు. మూలరూపమనగా ఏది? అరువది సంవత్సరముల బండిలో టైర్లు, చెయిను, పిస్టను, వాల్వులు ఎన్నిమారులు మారియుండునో లెక్క లేదు. వానిని మార్చకున్నచో బండియే ఉండెడిది కాదు. ఈ సందేహమే నన్ను విడిభాగముల పూర్వచరిత్రలోనికి దింపినది.

మన దేశమున పాత మోటారు సైకిలు విడిభాగముల వ్యాపారమునకు మూలము రెండవ ప్రపంచ యుద్ధమని చెప్పవచ్చును. బ్రిటిషు సైన్యము కొరకు తయారైన బండ్లలో బి.ఎస్.ఏ. ఎం-20 ఒక్కటియే 1,26,000కు పైబడియుండెను. నార్టన్ 16-హెచ్, మాచ్‌లెస్ జి-3-ఎల్ వంటివియు వేలకువేలుగా తయారయ్యెను. యుద్ధము ముగియగానే మన దేశమున మిగిలిన బండ్లను, వాని పెట్టెలకొలది విడిభాగములను సర్కారు వేలము వేసినది. ‘డిస్పోజల్ బండి’ అను మాట అట్లు పుట్టినదే. ప్రభుత్వపు సప్లైస్ అండ్ డిస్పోజల్స్ డైరెక్టరేటు 2017 అక్టోబరులో మూతపడువరకు ఆ రెండవ పదమును తన పేరులో నిలుపుకొనియే యుండెను. విభజన తరువాత పంజాబు నుండి సర్వమును పోగొట్టుకొని వచ్చి కరోల్‌బాగులో స్థిరపడిన కుటుంబములలో కొందరికి ఈ యుద్ధకాలపు ఇనుమే జీవనాధారమైనది.

ఆ బండ్ల గతి యేమైనది? ఇంగ్లండు నుండి విడిభాగములు తెప్పించుటకు విదేశ మారకద్రవ్యము కావలెను. 1957లో మారకద్రవ్యపు కొరత తీవ్రమైన పిమ్మట దిగుమతి లైసెన్సులు మరింత బిగిసెను. రెండు బండ్లను విప్పి ఒక బండి చేయుట, మూడింటిని విప్పి మరల ఒకటి చేయుట వాడుకయ్యెను. 1970 దశకపు తొలి సంవత్సరములలో బర్మింగుహాములోని బి.ఎస్.ఏ. కర్మాగారమే మూతపడెను. నేడు ఎం-20 ఒకటి సజీవముగా కనబడినచో దాని వెనుక అయిదారు బండ్ల ప్రాణములు కలిసియున్నవని అనుకొనవచ్చును.

ఇచ్చట బోల్టుల సంగతి కొంత చెప్పక తప్పదు. పాత బండికి భాగము దొరకినను అది అమరకపోవుటకు సగము కారణము మరచుట్టులోనే యున్నది. సర్ జోసెఫ్ విట్‌వర్త్ 1841లో నిర్ణయించిన మరకు కోణము 55 డిగ్రీలు. ఇంగ్లండు సైకిలు పరిశ్రమవారు తమకై యేర్పరచుకొన్న మరకు కోణము 60 డిగ్రీలు, అంగుళమునకు సాధారణముగా 26 చుట్లు. ఈ రెండు జాతులును ఒకే బండిలో పక్కపక్కనే కాపురము చేయుచుండును. పైగా విట్‌వర్త్ పానాపై చెక్కిన అంకె నట్టు వెడల్పును కాక బోల్టు కాండపు మందమును తెలుపును. ఇంతలో మన దేశము 1956 శాసనముతో మెట్రిక్ కొలతలకు మారినది. నయాపైసలకు, కిలోలకు జనులు కొలది సంవత్సరములలోనే అలవాటుపడిరి గాని, బుల్లెట్టు మాత్రము చాలకాలము అంగుళములలోనే బ్రతికినది. అంగుళపు బోల్టుండవలసిన చోట మిల్లీమీటరు బోల్టు రెండు చుట్లు నమ్మకముగా ఎక్కును. మూడవ చుట్టుకడ బిగియును. అంతట బలవంతము చేసినచో అల్యూమినియము పెట్టెలోని మర ఊడివచ్చును. మా బండి గేరు పెట్టెలో అట్టి ఘనకార్యము రెండు చోట్ల జరిగియున్నది. అందొకటి నా చేతి చలువయే.

ఇక బుల్లెట్టు విషయము. రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమునకు చెందినది; మొదటి మోటారు సైకిలును 1901లో తయారుచేసినది. ఎన్‌ఫీల్డులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారమునకు తుపాకి భాగములు చేసి యిచ్చుటచే ఆ పేరు వచ్చినది. బి.ఎస్.ఏ. అనగా బర్మింగుహాము స్మాల్ ఆర్మ్స్. కనుక ఈ రెండును తుపాకుల వంశములే. ‘బుల్లెట్’ అను పేరు 1932లో వచ్చెను. వెనుక చక్రమునకు ఊగెడి చట్రమును అమర్చిన 350 సి.సి. నమూనా 1949లో అమ్మకమునకు వచ్చెను. స్వతంత్ర భారతసైన్యము సరిహద్దు గస్తీ కొరకు ఆ నమూనానే యెన్నుకొని, 1950 దశకపు తొలి సంవత్సరములలో 800 బండ్లకు ఉత్తరువిచ్చినది.

అప్పటికి ప్రభుత్వ విధానము మారుచుండెను. ఈ దేశమున నిజముగా తయారుచేయువారే ఉండవలెను గాని, విదేశమున చేసిన భాగములను ఇక్కడ బిగించి అమ్మువారికి తావు లేదని 1953లో టారిఫ్ కమిషను సిఫారసును అనుసరించి మోటారు పరిశ్రమ విషయమున నిర్ణయమయ్యెను. ఫోర్డు, జనరల్ మోటార్సు కంపెనీలు అప్పుడే మూటముల్లె సర్దుకొనెను. రెడిచ్ వారు వేరు మార్గము పట్టిరి. 1955లో మదరాసు మోటార్సు వారితో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించిరి. మదరాసు దాపున తిరువొత్తియూరులో కర్మాగారము వెలసెను. 1956 ముగియునాటికి అక్కడ తయారైన బండ్లు 163 మాత్రమే, అవియు ఇంగ్లండు నుండి ఓడలో వచ్చిన భాగములతో కూర్చినవి. మరుసటి సంవత్సరము పనిముట్లును, అచ్చులును రెడిచ్ నుండి మదరాసునకు తరలివచ్చెను. 1962 నాటికి భాగములన్నియు ఈ దేశముననే తయారగుచుండెనని ప్రతీతి. అప్పటికే మదరాసు చుట్టును యంత్రభాగముల పరిశ్రమ అల్లుకొనుచుండెను. సెంబియములో ఇండియా పిస్టన్సు 1949లోనే నెలకొన్నది, లూకాస్ టి.వి.ఎస్. 1961లో వచ్చెను.

ఇంగ్లండులో జరిగినది దీనికి పూర్తిగా వ్యతిరేకము. అక్కడ పాత నమూనా 350 బుల్లెట్టు 1962లో నిలిచిపోయెను. 1967లో రెడిచ్ కర్మాగారము మూతపడెను. బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ అను ఊరిలో మిగిలిన కొద్దిపాటి పనియు 1970తో సమాప్తమయ్యెను. తల్లివేరు ఎండిపోగా ఊడ మాత్రము నిలిచినది. 1977లో మదరాసు బుల్లెట్టు ఇంగ్లండుకు, ఐరోపాకు ఎగుమతి కాజొచ్చెను. బండ్ల వెంట విడిభాగములును పోయెను. సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు, ఇది రెడిచ్ కొలత, మదరాసు కొలతయు అదియే. రెడిచ్‌లో పుట్టి మూలబడిన బండ్లకు మదరాసు నుండి పిస్టన్లు, గేర్లు చేరెను. ఒకప్పుడు ఓడలో భాగములు వచ్చిన దారినే భాగములు తిరిగి పోయినవి.

ఇందు గర్వింపవలసినదెంత, సిగ్గుపడవలసినదెంత అని నేను చాలమారులు ఆలోచించితిని. ముప్పది, నలువది సంవత్సరములు ఒకే నమూనాను చేయుచుండుట గొప్పతనము కాదు. కొనువానికి వేరు గతి లేకపోవుటయే దానికి ముఖ్య కారణము. నూనె కారెడి ఇంజనును, మసక దీపమును, కిక్కు కొట్టునప్పుడు మోకాలికి తగిలెడి ఎదురుదెబ్బను మా తండ్రిగారి తరమువారు మౌనముగా సహించిరి. కాని ఆ కదలని స్థితియే, మనము న్యాయముగా నిందించిన ఆ స్థితియే, ఈ యంత్రమును బ్రతికించినది. బండి మారనందున భాగము మారలేదు. భాగము మారనందున లుధియానాలోని చిన్న లేతు యజమాని కూడ దానిని చేసి అమ్ముకొనగలిగెను. దాచిపెట్టినవారి వలన గాక, ప్రతిదినము ఆఫీసునకు, పొలమునకు, పాల వ్యాపారమునకు నడుపుకొన్నవారి అక్కర వలన అది నిలిచినది.

చిన్న లేతుల సరుకంతయు మేలైనదని అనుకొనరాదు. కంపెనీ ముద్ర వేసిన పెట్టెలో నాకొక వాల్వు గైడు దొరకెను. అది మూడు వందల మైళ్లు కూడ నిలువలేదు. కరోల్‌బాగులో ఒక వృద్ధ సర్దార్జీ మాత్రము తన కొట్టులోని సరుకును తానే నమ్మక, వెర్నియరు పెట్టి నా యెదుట కొలిచి, నాలుగింట మూడు పక్కన పెట్టి, “ఇవి బండ్లకు కావు బాబూజీ, అమ్మకానికే చేసినవి” అనెను.

మైసూరు జావా కథ మరియొక విధము. 1961లో చెకొస్లొవేకియా సంస్థ సహకారముతో ప్రారంభమై, తరువాత యెజ్డీగా పేరు మార్చుకొని, 1996లో ఆ కర్మాగారము మూతపడెను. 2018లో జావా పేరు మరల వచ్చెను గాని ఆ కొత్త ఇంజను వేరు. దాని భాగము పాత బండికి పనికిరాదు. పాత జావా సొంతదారులు నేటికిని ఒకరినొకరు వెదకుకొని భాగములు ఇచ్చిపుచ్చుకొనుచున్నారు.

మా బండి కార్బురేటరు కడకు మరల వత్తును. ఇంజను మదరాసుదైనను, దానికి మొదట అమర్చినది అమాల్ మోనోబ్లాక్. 1927లో మూడు ఆంగ్ల కంపెనీలు ఏకమై యేర్పడినది అమాల్ సంస్థ. పెట్రోలు నిలుచు గిన్నెయు, గాలి కలియు గదియు ఒకే పోతలో నుండుటచే దీనికి మోనోబ్లాక్ అని పేరు. పోత తుత్తునాగపు మిశ్రలోహము, మెత్తనిది. లోపలి స్లయిడు పైకిని క్రిందికిని జారుచు జారుచు గోడను అరగదీయును. ఆ సందున గాలి దూరును. బండి నిలకడగా మ్రోగదు. 1980 దశకపు చివర మా మెకానిక్కు దానిని తీసివేసి జపాను మికునీ నమూనాపై మదరాసున తయారైన కార్బురేటరును బిగించెను. బండి మునుపటికంటె బాగుగనే నడచెను. వేలమంది అదేపని చేసిరి. పాత అమాల్‌లు తుక్కు తూకములోనికి పోయెను. అందుచే బుల్లెట్టు పిస్టను కావలసిన ఆంగ్లేయుడు మన వైపు చూచుచుండగా, బుల్లెట్టు మోనోబ్లాక్ కావలసిన నేను ఇంగ్లండు వైపు చూడవలసివచ్చినది. అక్కడ దానిని నేటికిని కొత్తగా తయారుచేయుచున్నారు.

కొత్తది తెప్పించవచ్చును. సుంకముతో సహా దాని వెల విని కొంత వెనుదీసితిననుట నిజమే గాని, కారణము అదొక్కటియే కాదు. రెండు శీతకాలములు ఆదివారములందు మాయాపురిలో తిరిగి, తుదకు అరిగిన మోనోబ్లాక్ పోత నొకదానిని కిలోల లెక్కన కొంటిని. సర్దార్జీ దాని లోపలి గోడను కొద్దిగా తొలిపించి, ఇత్తడి తొడుగు వేయించెను. జెట్లు మాత్రము అతనికడ దొరకలేదు.

అవి ఇంటిలోనే దొరకినవి. తండ్రిగారి బిస్కత్తు డబ్బాలో, పాత ప్లగ్గుల క్రింద, ‘భారత ప్రభుత్వ కార్యార్థము’ అను అచ్చున్న ఒక వాడిన కవరు మడిచియున్నది. అందులో తీసివేసిన కార్బురేటరు జెట్లు రెండు, సూది, ఫ్లోటు గిన్నె మూత. కవరుపై పెన్సిలుతో తేదీయు, ‘పనికివచ్చును’ అను ఒక్క మాటయు వ్రాసియున్నవి.

బండి ఇప్పుడు మ్రోగుచున్నది. చలిలో మాత్రము మూడు నాలుగు కిక్కులు కావలెను. రాష్ట్ర కమిటీవారికి దరఖాస్తు ఇంకను పెట్టలేదు. వింటేజి నంబరు వచ్చినచో ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలునకు, మరమ్మతునకు తప్ప దానిని నిత్యము నడుపరాదని నియమము. దరఖాస్తు ఫారము నింపి మేజాపై ఉంచితిని. మొన్న ఆదివారము బండి తీసికొని కూరగాయలకు పోయివచ్చితిని.